కడపలో సముద్రపు బురద

కడపలో కూర్చుని సముద్రపు బురదతో నీకేం పని అని ఉద్యోగం చేసినన్నాళ్ళూ అడిగారు నన్ను. మా అన్న అడిగాడు. ఇల్లు అద్దెకిచ్చినావిడ అడిగింది. బదిలీ మీద వచ్చిన ప్రతి ప్రిన్సిపాలూ కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే అడిగాడు. పక్క గదిలో వృక్షశాస్త్రం చెప్పే సహోద్యోగి అయితే రోజూ మా తలుపు దగ్గర నిలబడి, "ఏం మేడం, బురదలో ముక్కుపుడక ఏమన్నా పారేసుకున్నారా?" అని అడిగి గానీ తన గదికి పోయేవాడు కాదు. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి ఎవరూ అడగడం లేదు. అడగనప్పుడు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం. కొత్తగా ప్రయోగశాలల్లో అడుగుపెడుతున్న పిల్లలు మీరు ఎవరైనా ఉంటే, ఒక పది నిమిషాలు ఓపిక పట్టండి.

సముద్రపు బురదలో ఏకకణ జీవులుంటాయి. చిన్నవంటే ఎంత చిన్నవనుకున్నారు, ఒక్క మిల్లీమీటరులో వంద వరసగా నిలబడగలవు. ఒక్కోదానికి ఒకటో రెండో సన్నటి తోకలుంటాయి. పుస్తకాల్లో కశాభాలంటారు. మా అటెండరు మాత్రం మొదటిసారి మైక్రోస్కోపులో చూసి, "ఓబ్బో, వీళ్ళంతా తోకగాళ్ళు గదా మేడం!" అన్నాడు. అప్పటి నుంచి మా గదిలో వాటికి అదే పేరు.

ఏ తోకగాడు ఎవరో పోల్చుకోవడమే మా పని. దానికి ఒక చిక్కుంది. మందు వేసి చంపి నింపాదిగా చూద్దామంటే కుదరదు. ముడుచుకుపోయి అన్నీ ఒకే రకం చుక్కలవుతాయి. బతికుండగానే, పరుగెత్తుతుండగానే, నడకను బట్టి పోల్చుకోవాలి. నడకను బట్టి పోల్చడం మా సీమవాళ్ళకు కొత్త విద్య కాదు. దూరాన గట్టు మీద ఎవరో పోతుంటే, భుజం ఊపు చూసి ఫలానావాడి కొడుకని చెప్పేస్తారు. మేమూ అంతే. గెంతుతూ పోయేవాడికి ఉలుకోడు అని పేరు పెట్టాం. తోకను గాజుకు అతికించుకుని, ఉన్నచోటనే ఉండి, పొద్దస్తమానం తల ఆడించేవాడొకడుండేవాడు. వాడికి పెట్టిన పేరు ప్రిన్సిపాల్. ఇది ఆ కుర్చీలో కూర్చున్న ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలిసినా నా పెన్షన్ ఆపలేరు.

నా దగ్గర పరిశోధన చేసిన ఆఖరి విద్యార్థిని ఒకమ్మాయి. ఆదోని అవతల, కన్నడం మాటలు కలిపి మాట్లాడే ఊళ్ళలో ఒకటి ఆమె ఊరు. అమ్మానాయనా కూలికి పోయేవాళ్ళు. అమ్మాయి సన్నగా, మాట తక్కువగా ఉండేది. పని మాత్రం రాక్షసి పని. ఏడాదికి రెండుసార్లు నెల్లూరు వైపు తీరానికి పోయి, ఆటుపోట్ల మధ్య మోకాళ్ళ లోతు దిగి, సీసాల్లో బురద నింపుకుని బస్సులో తెచ్చేది. సముద్రపు బురద కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. కండక్టరు, "ఏంది పాపా, ఎండుచేపలా?" అనేవాడట. కాదు, బురద అంటే నమ్మేవాడు కాదట. ఒకసారి ఆ అమ్మాయే విసిగిపోయి, అవును ఎండుచేపలే అంది. పక్క సీటావిడ ఊరు చేరేదాకా కిలో ఎంతని బేరమాడుతూనే ఉందట.

ఆ అమ్మాయికి నాలుగో ఏడు నడుస్తోంది. జూన్ ఆఖరుకి థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ పోతుంది. తీరపు బురదలో దొరికిన తోకగాళ్ళ జాబితా, బొమ్మలతో సహా, రెండు అధ్యాయాలు సిద్ధం. కానీ అంతకుముందు ఏడాదే యూనివర్సిటీ కమిటీవాళ్ళు పెదవి విరిచారు: జాబితా బాగానే ఉంది, ఇందులో కొత్త ఏముంది? అని. కొత్తది ఒకటి దొరక్కపోతే డాక్టరేటు పట్టా లేదు. ఊరికి పోతే, "ఇంగా ఆ పురుగులేనా పాపా?" అని అడుగుతున్నారట. పోయినేడూ, అంతకు ముందేడూ, ఈ ఏడు అయిపోతాదని వాళ్ళమ్మకు చెప్పి వచ్చింది. మూడోసారి ఏ మొహం పెట్టుకుని చెప్పను మేడం అని ఒకరోజు నా ముందే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడే నేనో ఏర్పాటు చేశాను. "నువ్వు రాత పని చూసుకో, పళ్ళాల పని మన అటెండరు చూస్తాడు" అన్నాను. మంచికే చేశాను. నా కొంప ముంచిన పనులన్నీ మంచికి చేసినవే.

పళ్ళాల పని ఏమిటో చెప్పాలి. బురదను పళ్ళెంలో పలచగా పరిచి, దాని మీద సముద్రపు నీళ్ళు పోసి, పైన లెన్సులు తుడిచే పలచటి కాగితం, ఆ పైన సన్నటి గాజుబిళ్ళలు పెడతాం. తెల్లారేసరికి తోకగాళ్ళు కాగితం గుండా పైకి పాకి గాజు కింద చేరతారు. గాజు ఎత్తి చూసుకోవడమే. అయితే కడప ఎండ కడప ఎండే కదా. పొద్దున నిండుగా ఉన్న పళ్ళెం సాయంత్రానికి సగమయ్యేది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు లేని నీళ్ళు, అంటే మేం యంత్రంలో కాచి తీసే డిస్టిల్డ్ వాటర్, రోజూ గీత దాకా పోయాలి.

అటెండరుకు యాభై దాటాయి. కమలాపురం పక్క పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. నిజాయితీపరుడు. గాజుబిళ్ళ పగిలితే ముక్కలు కాగితంలో పొట్లం కట్టి తెచ్చి చూపించేవాడు. ఆయనకు డిస్టిల్డ్ వాటర్ క్యాను చూపించి, "ఇదిగోప్పా, రోజూ గీత దాకా పొయ్యి, మరిచిపోవద్దు" అని ఒక్కసారి చెప్పాను. ఆయన రోజూ పోశాడు. పోసినట్టు రిజిస్టరులో రాశాడు. నేను రోజూ దానికింద సంతకం పెట్టాను. ఒక్కరోజు కూడా పక్కన నిలబడి చూడలేదు. ఈ వాక్యాన్ని రెండోసారి చదవండి.

మార్చి నెలలో ఒక పొద్దున ఆ అమ్మాయి నా గదికి పరుగెత్తుకొచ్చింది. నడిచే మనిషే గానీ పరుగెత్తే మనిషి కాదు.

"మేడం, ఒకసారి రాండి. ఒకడు కొత్తోడు ఉండాడు."

పోయి చూశాను. ముందొక తోక, వెనక ఈడ్చుకుపోయేది ఒక తోక. గాజు మీద జారుతూ వస్తున్నవాడు నడిమధ్యలో ఆగి, ఎడమవైపుకు నిండుగా ఒక చుట్టు తిరిగి, ఏమీ జరగనట్టు మళ్ళీ పాత దారినే పోయాడు. మళ్ళీ ఆగాడు. మళ్ళీ తిరిగాడు. నేను ముప్పై ఏళ్ళలో అటువంటి నడక చూడలేదు. కుర్చీలో నుంచి లేచి ఆ అమ్మాయిని కౌగిలించుకున్నాను. అటెండరు వచ్చి చూసి, "ప్రదక్షిణం చేస్తాండాడు మేడం. కానీ ఎడంపక్కకు తిరుగుతాండాడే, పుణ్యం యాడొస్తాది?" అన్నాడు.

ఆ అమ్మాయి సెల్‌ఫోన్‌తో మైక్రోస్కోపులో నుంచి వీడియో తీసింది. కోస్తాలో ఒక పెద్దాయన ఉన్నారు. తీరపు బురద మీద ఆయన మాటే చివరి మాట. ఆయనకు పంపాం. గంటలో ఫోన్. "ఏవండీ, ఇన్నేళ్ళుగా ఈ తీరమంతా కాళ్ళతో తొక్కాను. ఇతగాణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదండీ. మే నెలలో నేనే వస్తాను, బతికున్నవాణ్ణి చూపించండి. నేను చూసి సరేనంటే మీ కమిటీకి ఉత్తరం రాస్తాను" అన్నారు. ఆ ఉత్తరం వస్తే ఆ అమ్మాయికి పట్టా వచ్చినట్టే.

ఇక మా సంబరం చూడాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పేరు పెట్టడం మొదలుపెట్టాం. ప్రిన్సిపాల్ గారు తన పేరు పెడితే కాలేజీకి గౌరవమన్నారు. వృక్షశాస్త్రం ఆయన, "కోడిగుడ్డుకు ఈకలు పీకి పీకి ఆఖరుకు ఒక ఈక సాధించినారు మేడం" అని మిఠాయి పంచాడు. అటెండరు సిగ్గుపడుతూ, "మా ఊరి పేరు పెట్టండి మేడం, మా ఊరికి ఇంతవరకు ఏ పేరూ రాలేదు" అన్నాడు. పగలబడి నవ్వాం. నేను మాత్రం పైకి ఏమీ అనలేదు. ఇంటికి పోయి డైరీ వెనక పేజీలో మా ఇంటిపేరును లాటిన్‌లోకి ఎన్ని రకాలుగా మార్చవచ్చో రాసుకున్నాను. ఐదు రకాలు వచ్చాయి.

ఈ సందట్లో ఆ అమ్మాయి ఒక మాట చెప్పింది. పోల్చి చూడటానికని మేమొక పళ్ళెంలో బాగా కాల్చిన ఇసుక పెట్టి ఉంచుతాం. కాల్చిన దాంట్లో ఏ జీవీ ఉండదు, ఉండకూడదు. "మేడం, కాల్చిన ఇసుక పళ్ళెంలో గూడా ప్రదక్షిణాలోడు ఉండాడు. ఇద్దరు ముగ్గురు కాదు, శానా మంది ఉండారు."

అక్కడే ఆగి ఉండాల్సింది నేను. గురువునన్న పేరుకైనా ఆగి ఉండాల్సింది. కానీ లాటిన్‌లో ఇంటిపేరు రాసుకున్న మనిషికి చెవులు సరిగా వినపడవు. "డ్రాపర్ కడక్కుండా ముంచి ఉంటావు, ఇక్కడిది అక్కడ పడింది. ఆ పళ్ళెం కడిగేసి కొత్తది పెట్టు" అని కసిరాను. "కడిగినా మేడం" అంది నెమ్మదిగా. "నాకు ఎదురు చెప్పొద్దు" అన్నాను. కొత్తది పెట్టింది. అందులోనూ వారానికి ప్రదక్షిణాలోడు ప్రత్యక్షం. ఈసారి నాకు చెప్పలేదు, తన నోటుబుక్కులో మాత్రం రాసుకుంది.

పెద్దాయన వస్తారనగా వారం ముందు అటెండరుకు మనవడు పుట్టాడు. సెలవు పెట్టి ఊళ్ళో ఉండిపోయాడు. ఆ వారం పళ్ళాల్లో నీళ్ళు ఆ అమ్మాయే పోసింది. నేను చెప్పింది చెప్పినట్టు, డిస్టిల్డ్ వాటర్. రోజు రోజుకీ ప్రదక్షిణాలోళ్ళు తగ్గిపోతూ వచ్చారు. సోమవారం గాజుకు ఇరవై మంది. గురువారానికి నలుగురు. పెద్దాయన రైలు దిగిన శనివారం పొద్దున ఏ గాజు ఎత్తి చూసినా ఒక్కడు లేడు. ఉలుకోళ్ళున్నారు, ప్రిన్సిపాల్ ఉన్నాడు తల ఆడిస్తూ, మనకు కావలసినవాడు మాత్రం లేడు.

పెద్దాయనను ప్రిన్సిపాల్ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాం. నేను వచ్చి గది తలుపేశాను. ఆ అమ్మాయి ఆరు పళ్ళాలూ ముందేసుకుని గాజు మీద గాజు చూస్తోంది. చెమటకు కళ్ళద్దాలు జారిపోతున్నాయి. "ఒక్కడైనా చాలు మేడం, ఒక్కడు చాలు" అని తనలో తాను గొణుక్కుంటోంది.

అప్పుడు తలుపు తోసుకుని అటెండరు వచ్చాడు. మనవడి పేరు చెప్పి లడ్డూలు తెచ్చాడు. ఇంకో చేతిలో తెల్లటి ప్లాస్టిక్ క్యాను. మా మొహాలు చూసి లడ్డూలు పక్కన పెట్టేశాడు.

"ఏమైంది పాపా?"

"ప్రదక్షిణాలోడు లేడు చిన్నాయనా. ఒక్కడూ లేడు."

"అంతేనా? దానికి యాల ఏడుస్తావు, ఉండు" అని క్యాను మూత తీసి, గాజు మీద ఒక చుక్క వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, పక్కకు జరిగాడు. "చూడు ఇప్పుడు."

ఆమె చూసింది. తల ఎత్తింది. నావైపు చూసింది. ఆమె మొహంలో సంతోషం లేదు. నేను తోసుకుని పోయి చూశాను. గాజు నిండా ప్రదక్షిణాలోళ్ళే. జాతరలో మనుషుల్లాగా ఒకడి మీద ఒకడు పడి ఎడమకు తిరుగుతున్నారు.

"ఇంకా కావాల్నా మేడం? క్యాను నిండా ఉండారు" అన్నాడు అటెండరు సంబరంగా.

"ఏం నీళ్ళప్పా ఇవి?" అన్నాను.

"అదే మేడం, రోజూ పళ్ళాల్లో పోస్తాండేవి. మా ఊరి చౌడు కుంట నీళ్ళు. ఈ పొద్దే ముంచుకొచ్చినా."

చౌడు నేల సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఎండాకాలం పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. ఆ కుంటలో నీళ్ళు గొడ్లు కూడా తాగవు. ఆయనకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. నెమ్మదిగా విడమరిచి చెప్పాడు.

"మీరే గదా మేడం చెప్పింది, ఇవి ఉప్పునీళ్ళ జీవాలని. సముద్రం వదిలి ఇంత దూరం వచ్చినాయి పాపం. వాటికి తియ్యనీళ్ళు పోస్తే సచ్చిపోవా? అదీగాక ఆ డిస్టిలు నీళ్ళు... గంటల తరబడి కాంచి, చుక్క చుక్క పట్టిన నీళ్ళు మేడం. తీస్కపోయి బురదలో పోయాలంటే నాకు సెయ్యి రాలా. మా ఇండ్లల్లో కడిగిన నీళ్ళు గూడా చెట్టుకు పోస్తాం గదా."

"మరి ఆ నీళ్ళన్నీ ఏం చేశావు?"

ఆయన బీరువా పక్కకు జరిపాడు. వెనక గోడ వెంబడి, నేల నుంచి కిటికీ దాకా, క్యాన్ల మీద క్యాన్లు. మూతలకు గుడ్డలు కట్టి మరీ పెట్టాడు. "ఒక్క చుక్క పారబొయ్యలే మేడం. ఎండాకాలం గదా, ఎవరికన్నా పనికొస్తాయని."

నేను నందికొట్కూరు రైతు కూతుర్ని. చిన్నప్పుడు బిందెడు నీళ్ళు ఒలకబోసి వీపు వాచేట్టు దెబ్బలు తిన్నదాన్ని. ఆయన చెప్పిన ప్రతి మాటా నాకు అర్థమైంది. అర్థమైంది కాబట్టే ఆయన మీద అరవలేకపోయాను, అరవలేక ఇంకా మండింది. మా ప్రదక్షిణాలోడు సముద్రం మొహం చూసినవాడే కాదు. కమలాపురం పక్కనుంచి రోజూ బస్సులో వచ్చినవాడు. కాల్చిన ఇసుకలోకి వాణ్ణి డ్రాపర్ తేలేదు. నేను సంతకం పెట్టిన నీళ్ళే తెచ్చాయి.

ఒక్కటే ఊరట. ఆ అమ్మాయి జాబితా అంతా తన చేత్తో నీళ్ళు పోసుకున్న మొదటి రెండేళ్ళది. అది చెడలేదు. చెడింది కొత్త అధ్యాయం. అది లేకపోతే పట్టా లేదు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఇంతసేపూ నవ్వుతూ చెప్పుకొచ్చింది ఇది ఎట్లా చెప్పాలో తెలియకనే. తలుపు గడియ పెట్టాను. ఇద్దరినీ దగ్గరికి పిలిచాను. "ఈ మాట ఈ గది దాటకూడదు. గాజు మీద జీవి బతికుంది, ఆయన చూస్తాడు, ఉత్తరం రాస్తాడు. పట్టా చేతికి వచ్చాక నిదానంగా సరిచేసుకుందాం. నువ్వు గమ్మునుండు. నువ్వు కూడా అప్పా" అన్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు చూసింది చూసినట్టు రాయమని చెప్పిన నోటితోనే అన్నాను.

అటెండరుకు అప్పుడు అర్థమైంది. మొహం నల్లబడింది. "నా వల్లనేనా మేడం?" అని స్టూలు మీద కూలబడ్డాడు.

ఆ అమ్మాయి కళ్ళద్దాలు తీసి చున్నీతో తుడుచుకుంది. తర్వాత అంది: "ఆయన ఊరికి పోయి తీరంలో దీనికోసం వెతుకుతాడు మేడం. ఆయన పిల్లోళ్ళు గూడా వెతుకుతారు. నేను వెతికినట్టే మోకాళ్ళ దాకా దిగి వెతుకుతారు. దొరకదు. దొరకదని నాకు తెలుసు, నాకు గొత్తు. గొత్తుండీ ఎట్ల గమ్మునుండల్ల?"

"మరి మీ అమ్మకేం చెప్తావు?" అన్నాను. అది అనకూడని మాట. తెలిసే అన్నాను.

ఆమె కళ్ళు నిండాయి. కానీ ఒక చేత్తో గాజు, ఇంకో చేత్తో క్యాను పట్టుకుని, మోచేత్తో గడియ తీసుకుని ప్రిన్సిపాల్ గది వైపు పోయింది. నేను వెనక పోయాను. పోక ఏం చేస్తాను.

పెద్దాయన ముందు క్యాను పెట్టి జరిగినదంతా చెప్పింది. నీళ్ళ సంగతి, కాల్చిన ఇసుక సంగతి, అన్నీ. "నేను చూసుకోలేదు సార్" అంది. నేను కసిరిన మాట చెప్పలేదు. గడియ పెట్టి అన్న మాట అసలే చెప్పలేదు. ప్రిన్సిపాల్ గారు మాత్రం తల ఆడించడం ఆపేశారు. పెద్దాయన క్యాను మూత తీసి వాసన చూసి, నా వైపు తిరిగి, "ఆ కుంట ఎంత దూరమండీ?" అన్నారు.

మిట్టమధ్యాహ్నం, మే నెల ఎండలో, జీపులో పోయాం. కుంటలో నీళ్ళు చారెడు, చుట్టూ తెల్లటి చౌడు. పెద్దాయన ప్యాంటు పైకి మడిచి బురదలోకి దిగగానే ఊరు ఊరంతా గట్టు మీదికి వచ్చింది. ఒక ముసలమ్మ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగింది: "బోరు యాడ వేస్తారు నాయనా?"

"బోరు కాదండీ, పురుగుల్ని చూడ్డానికొచ్చాం."

"పురుగులకు ఇంత దూరం వస్తారా? మా శనిగల మూటలో ఉండాయి రాండి, కావాల్సినన్ని చూపిస్తా" అంది ఆమె. పెద్దాయన బురదలో నిలబడి ఒకటే నవ్వు. అటెండరు మాత్రం నవ్వలేదు. గట్టు మీద దూరంగా తలగుడ్డ తీసి కూర్చున్నాడు. ఆ అమ్మాయే పోయి ఆయన పక్కన కూర్చుంది. "లడ్డు ఇయ్యలేదు చిన్నాయనా నువ్వు" అనడం నాకు వినపడింది.

ప్రదక్షిణాలోడు కొత్తజాతి కూడా కాదని తర్వాత తేలింది. ఎవరో పరదేశంలో ఒక ఉప్పు మడుగులో వాణ్ణి ఎప్పుడో చూసి బొమ్మ గీశారట. ఆ అమ్మాయే పాత పుస్తకాలు తిరగేసి పట్టుకుంది. నా ఐదు రకాల లాటిన్ ఇంటిపేరు అట్లా గంగలో కలిసింది. పెద్దాయన ఉత్తరం రాశారు గానీ, అందులో ఏముందంటే, ఈ అమ్మాయికి ఇంకో ఏడాది గడువివ్వండి, చౌడు నీళ్ళనూ సముద్రపు నీళ్ళనూ పక్కపక్కన పెట్టి ఎవరు ఎక్కడ బతుకుతారో చూస్తుంది, అది కొత్త సంగతే అవుతుంది అని.

గడువు కోసం దరఖాస్తు పెట్టాలి. అందులో ఆలస్యానికి కారణం అని ఒక గడి ఉంటుంది. ఆ అమ్మాయి గుండ్రటి అక్షరాలతో, "నమూనాల సంరక్షణలో పరిశోధకురాలి అశ్రద్ధ" అని రాసి, సంతకం కోసం నా ముందు పెట్టింది. అటెండరు పేరు రాస్తే ఆయన ఉద్యోగానికి ముప్పు. నా పేరు రాస్తే గైడు తప్పున్నచోట కమిటీ గడువివ్వదేమో. ఆమె అదంతా ఆలోచించే రాసింది. నేనూ అదంతా ఆలోచించినట్టు కాసేపు కలం పట్టుకుని కూర్చుని, సంతకం పెట్టేశాను. ఒప్పుకుంటాను, పెట్టాక ప్రాణం హాయిగా అనిపించింది.

ఆ ఏడాది ఆమె ఆదోనిలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, ఆదివారాలు బస్సులో కడపకు వచ్చి పని పూర్తిచేసింది. అశ్రద్ధ గల పరిశోధకురాలు కదా అని కమిటీలో ఒకాయన ఆమెను మౌఖిక పరీక్షలో ఆ నీళ్ళ గురించే అరగంట తిరగేసి మరగేసి అడిగాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. ఆమె తలవంచుకుని జవాబులు చెప్పింది. పట్టా వచ్చింది.

ఇప్పుడు ఆమె కర్నూలులో లెక్చరరు. మొన్న వాళ్ళ కాలేజీకి నన్ను పిలిచింది. వేదిక మీద పిల్లలకు పరిచయం చేస్తూ, "ఎంత కష్టమొచ్చినా ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు నేర్పించింది మా మేడమే" అంది. హాలంతా చప్పట్లు. శాలువా కప్పారు. మైకు నా చేతికిచ్చారు. నేను లేచి నిలబడి, ఇప్పుడు మీకు చెప్పినదే చెప్పడం మొదలుపెట్టాను. బస్సులో ఎండుచేపల బేరం చెప్పాను, ముసలమ్మ శనిగల మూట చెప్పాను, పిల్లలు కడుపు పట్టుకుని నవ్వారు. గడియ పెట్టిన సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆమె ముందు వరసలో నుంచి నన్నే చూస్తోంది. నేను ఒక గుక్క నీళ్ళు తాగి, "అట్లా కుంటకు పోయాం" అని దాటేసి కూర్చున్నాను.

శాలువా వెనక్కి ఇవ్వడానికి వీల్లేదు. కాబట్టి ఇది రాస్తున్నాను. అచ్చయ్యాక ఒక కాపీ ఆమెకు పంపుతాను. ఇంకొకటి నేనే పట్టుకుని యూనివర్సిటీ ఆఫీసుకు పోయి ఆమె పాత ఫైలు తీయిస్తాను. ఇది ఎక్కడ పెట్టమంటారు మేడం అని గుమాస్తా అడుగుతాడు. ఆ గడువు దరఖాస్తు కింద కాదప్పా, పైన పెట్టి కుట్టు, ఫైలు తెరిచినవాళ్ళకు ముందు ఇదే కనపడాల అని చెబుతాను.